తిప్పని కంచం

పోయినవారం మీరు నన్ను లుసేనా ఊరి దలాహికన్ రేవులో, మిట్టమధ్యాహ్నం ఎండలో, చంకలో లేసుగుడ్డ పొట్లంతో నిలబెట్టి పత్రిక మూసేశారు. వారమంతా అలాగే నిలబడి ఉన్నాను కాబట్టి కాళ్ళు పీకుతున్నాయి. మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళ్ళిపోతాను.

నా పేరు లోర్నా. మారిందూకె దీవిలో, గాసాన్ ఊళ్ళో బట్టలు కుడతాను. వచ్చే శనివారం మా అమ్మ సాలింగ్ పెళ్ళి. అవును, మా అమ్మదే. నేను రెండో క్లాసులో ఉండగా మా నాన్న టెబాన్, మా మేనమామ నెస్టర్ ఒకే పడవలో వేటకి వెళ్ళారు. తుఫానొచ్చింది. మామయ్య శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. నాన్నది రాలేదు. ఆ రోజు నుంచి అమ్మ పడవెక్కలేదు. నేను లుసేనాలో కుట్టుపని కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ అందుకున్న రోజున కూడా దీవిలోనే ఉండిపోయింది. అలాంటి మనిషిని, ఊళ్ళో జనాన్ని తిప్పే జీప్నీ బండి నడిపే మాంగ్ ఇస్కో మళ్ళీ నవ్వేలా చేశాడు. పెద్దవాళ్ళని మేం మర్యాదగా మగవాళ్ళయితే మాంగ్ అని, ఆడవాళ్ళయితే ఆలింగ్ అని పిలుస్తాం. నాన్న చనిపోయినట్టు కోర్టు ఒప్పుకుంది. ఈ పెళ్ళికి అభ్యంతరం ఉంటే చెప్పమని చర్చిలో ఫాదర్ ఇద్దరి పేర్లూ ఆదివారం ఆదివారం చదివేశారు కూడా.

అమ్మ మనసులో ఉన్న ముల్లు గురించి కూడా చెప్పాలి. ఒకళ్ళు తింటుండగా ఇంకొకళ్ళు లేచి ప్రయాణమైతే, తినేవాళ్ళు తమ కంచం ఒక చుట్టు తిప్పుతారు. అలా తిప్పితే వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగొస్తారు. మా ఇళ్ళల్లో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది. ఆ పొద్దున అమ్మ తిప్పలేదు. ఆకాశం బాగాలేదు, నా తమ్ముడు నెస్టర్‌కి సముద్రం కొత్త, వాణ్ణి తీసుకెళ్ళకు అని నాన్నతో పోట్లాడింది. నాన్న వినలేదు. అమ్మ కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. ఇద్దర్నీ తన కంచమే చంపిందని అమ్మ నమ్మకం. అప్పట్నించీ, ఎవరూ ఎక్కడికీ వెళ్ళకపోయినా, మొదటి ముద్దకి ముందు కంచం తిప్పనిదే తినదు.

ఇక మొన్నటి కథ. జీప్నీ సామాన్ల కోసం లుసేనా వచ్చిన మాంగ్ ఇస్కో, ఈ రేవు పక్క చిన్న హోటల్లో సినిగాంగ్ అనే పుల్లటి చేపల పులుసు తిని వెర్రెత్తిపోయాడు. ప్లాస్టిక్ సంచీలో కట్టించుకుని, సముద్రం దాటేదాకా ఒళ్ళో పెట్టుకుని అమ్మకి తెచ్చాడు. పెళ్ళి వంట ఆ వంటవాడే చెయ్యాలని పట్టుబట్టాడు. అమ్మ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంది. ముల్లు గుచ్చుకుందంటూ గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు నాతో, "లేసు కొనడానికి ఎలాగూ వెళ్తావుగా. ఆ హోటల్లో కూర్చుని తినిరా. పొట్లం కట్టించకు, అక్కడే తిను," అంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెళ్ళికూతుళ్ళు ఇలాగే ఉంటారేమో అనుకున్నాను. నా అంత తెలివైనదాన్ని మీరెక్కడా చూసి ఉండరు.

సరే, లోపలికి.

రేకుల కప్పు, నూనె మరకల బల్లలు, గల్లాపెట్టె మీద ఎర్ర శాలువా కప్పిన బాల యేసు బొమ్మ. గట్టు మీద మూతలు పెట్టిన గిన్నెల వరస. దాని వెనకాల భుజం మీద తువ్వాలుతో ఆలింగ్ సెపా. ఈ హోటల్ ఆవిడదే. ఆవిడ ఈగల్ని తోలుతోందో, తినడానికొచ్చినవాళ్ళని తోలుతోందో మొదట నాకు అర్థం కాలేదు.

"మూతలెత్తి చూసుకో అమ్మాయ్. మూత ఎత్తినందుకు డబ్బులేం అడగను," అంది.

"సినిగాంగ్ బాగుంటుందని విన్నానండీ."

పక్క బల్ల దగ్గర రేవు కూలీ ఒకడు ఎముక చీకడం ఆపి, "అది తిన్నావంటే నీ పడవ తప్పిపోతుంది చెల్లెమ్మా. పోయిన వర్షాకాలం నేను తిన్నాను. ఇదిగో, ఇంకా ఇక్కడే ఉన్నాను," అన్నాడు.

"నువ్వు ఇక్కడ ఉన్నది నీ పెళ్ళానికి భయపడి. మధ్యలో నా సినిగాంగ్‌ని లాగకు," అంది ఆలింగ్ సెపా. గిన్నెడు పులుసు, అన్నం కంచం నా ముందు పెట్టింది. "ఉప్పు తగ్గిందంటే చేపల ఉప్పునీళ్ళు పక్కనే ఉన్నాయి. ఎక్కువైందంటే మాత్రం నోరు మూసుకుని తినాలి. వంటాయనకి కోపమొస్తే రేపు పొయ్యి వెలిగించడు."

నవ్వుకుంటూ చెంచా ముంచాను.

ముందు పులుపు తగిలింది. కామియాస్ కాయల పులుపు. దవడలు లాగేసే ఆ పులుపు మా అందరి ఇళ్ళల్లోనూ ఉండేదే. దాని వెనకే పొగవాసన. చేపముక్కని కొబ్బరిపీచు మంట మీద కాస్త కాల్చి పులుసులో వేశారు. అదీ కొందరు చేస్తారు. అన్నీ గొంతు దిగిపోయాక, నాలుక చివర సన్నగా ఒక తీపి మిగిలింది.

చెంచా చేతిలోనే ఆగిపోయింది.

ఆ తీపి కొబ్బరినీళ్ళది. సినిగాంగ్‌లో బియ్యం కడుగు పోస్తారు. కొబ్బరినీళ్ళు ఎవరూ పొయ్యరు. ఎవరైనా పోస్తే అత్తగారి చేత చీవాట్లు తింటారు. నాకు తెలిసి ఒక్కడు పోశాడు. నడిసముద్రంలో, చీకట్లో తడుముకుంటూ మంచినీళ్ళ డబ్బా అనుకుని కొబ్బరినీళ్ళ డబ్బా ఎత్తి కుండలో కుమ్మరించాడు. ఇంటికొచ్చి ఆ తప్పు గొప్పగా చెప్పుకున్నాడు. అమ్మ నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. మళ్ళీ చేసి పెట్టమంది. ఆ తర్వాత మా ఇంట్లో సినిగాంగ్ అంటే అదే. ఆయన పోయాక అమ్మ మళ్ళీ అది వండలేదు.

ఇంకెవడో ఇంకో పడవలో ఇదే తప్పు చేసి ఉండొచ్చుగా అని నాకు నేను చెప్పుకున్నాను. సముద్రం పెద్దది, డబ్బాలు బోలెడు. ధైర్యం తెచ్చుకుని పులుసు అడుగుదాకా కలిపాను. అలసంద కాయ ఒకటి పైకి తేలింది.

దానికి ముడి వేసి ఉంది.

మామూలు ముడి కాదు. వల అల్లేవాళ్ళు వేసే ముడి. ఒక కాయని మడిచి, ఇంకో కాయని దాని వెనక నుంచి తిప్పి, కిందనుంచి లాగి బిగించిన ముడి. చిన్నప్పుడు నేను కూరగాయలు ముట్టేదాన్ని కాదు. నాన్న అలసంద కాయల్ని ఇలా ముడేసి, "వలలో ఏం పడిందో చూడు," అని నా నోటి ముందు ఊపేవాడు. నేను చేపనై గబుక్కున కరిచేదాన్ని. ఈ ముడి నాకోసం పుట్టింది. నా నోటి కోసం పుట్టింది.

చెవుల్లో హోరు మొదలైంది. ఎదురుగా కూలీ పెదాలు కదులుతున్నాయి, మాటలు వినపడటం లేదు. నేను దెయ్యాలకి భయపడే మనిషిని కాను. అయినా ఆ గిన్నె ముందు శిలువ గుర్తు వేసుకున్నాను.

"ఏమైంది అమ్మాయ్? ముల్లా?" అంది ఆలింగ్ సెపా. "అన్నం ముద్ద మింగు."

"ఇది ఎవరు వండారండీ?"

"మాంగ్ అందోయ్. కిందటేడు పలవాన్ దీవి వైపు నుంచి వచ్చాడు. మనుషుల ముందుకి రాడులే. రోజూ పొద్దున్నే మారిందూకె పడవ కదిలేదాకా గట్టు మీద నిలబడి చూస్తాడు, వచ్చి పొయ్యి వెలిగిస్తాడు. ఏనాడూ ఎక్కడు. ఎందుకయ్యా అంటే సముద్రం పడదంటాడు. సముద్రం పడనివాడు రేవులో ఎందుకుండాలి చెప్పు? ఏయ్, ఎక్కడికి? అది వంటిల్లు! చెయ్యి కడుక్కునేది ఇటువైపు!"

నేను అప్పటికే గళ్ళ తెర పక్కకి లాగేశాను.

ఒక ముసలాయన నాకు వీపు పెట్టి, పీట మీద కూర్చుని చేప పొలుసు తీస్తున్నాడు. బనీను వెనక చిరుగు. జుట్టు మొత్తం తెల్లబడింది. మా నాన్నది నల్లటి జుట్టు, వెడల్పు భుజాలు. ఈయన భుజాలు కుంగిపోయి ఉన్నాయి. కాదు, ఈయన కాదు, వెనక్కి వెళ్ళిపోదాం అనుకుంటుండగా ఆయన చేపని తోక పట్టుకుని తిప్పాడు. తిప్పుతూ నాలుక బయటపెట్టి పెదవి కరుచుకున్నాడు. చేప తిప్పినప్పుడల్లా మా నాన్న చేసేది అదే.

"నాన్నా," అన్నాను.

పిలవాలని పిలవలేదు. నోరు దానంతట అదే అనేసింది.

ఆయన తల తిప్పలేదు. కత్తి మాత్రం ఆగింది. మెల్లగా వెనక్కి చూశాడు. నన్ను పాదాల దగ్గర్నుంచి పైదాకా చూసి, మొహం దగ్గర ఆగాడు.

"రొయ్యపిల్లా," అన్నాడు.

పుల్లలా ఉండి ఎప్పుడూ గెంతుతుంటానని నన్ను అలా పిలిచిన మనిషి ప్రపంచంలో ఒక్కడే. వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకు చూశాను. వెచ్చగా ఉంది. పొలుసులు అంటుకుని ఉన్నాయి. బతికున్న మనిషి చెయ్యి. ఇలాంటప్పుడు కూతుళ్ళు కౌగిలించుకుని ఏడుస్తారని మీరనుకుంటారు. నాకు మాత్రం అరికాలి నుంచి కోపం లేచింది.

"నీ సమాధిలో ఏం పెట్టామో తెలుసా?" అన్నాను. "నీ నీలం చొక్కా. శవం దొరకలేదుగా, అందుకని చొక్కాని పెట్టెలో పెట్టి పాతాం. ప్రతి నవంబరులో సమాధుల పండక్కి దానికి కొవ్వొత్తులు వెలిగించాను. దాని ముందు అన్నం పెట్టాను. చదువు బాగా రావాలని మొక్కుకున్నాను. ఇన్నేళ్ళూ నేనొక చొక్కాకి మొక్కానా నాన్నా?"

"లోర్నా, మెల్లగా..."

"మెల్లగానా? నువ్వు ఇక్కడ పులుసు కాచుకుంటూ కూర్చున్నావు, నేను మెల్లగా మాట్లాడాలా?"

తెర వెనకాల హోటలంతా నిశ్శబ్దమైపోయింది. ఆలింగ్ సెపా తెర సందులోంచి తల పెట్టి, మా ఇద్దరి ముక్కులూ చూసింది. రెండూ ఒకే ముక్కు. ఆవిడ ఏమీ అడక్కుండా తల వెనక్కి లాక్కుంది. "మీ పని మీరు చూసుకోండి, అందరూ తినండి! ఇదేం సినిమాహాలు కాదు!" అని బయట కూలీల మీద అరిచింది.

నాన్న చెప్పాడు. చేతిలో చేప అలాగే పట్టుకుని చెప్పాడు. పడవ విరిగింది. ఆయనా మామయ్యా ఒకే దుంగ పట్టుకున్నారు. మామయ్య ఏడుస్తూనే ఉన్నాడట, "అక్కకి ఏం చెప్తావు బావా, అక్కకి ఏం చెప్తావు," అని. తెల్లారేసరికి దుంగ మీద నాన్న చేతులు మాత్రమే ఉన్నాయి. పలవాన్ వెళ్ళే పెద్ద పడవ ఆయన్ని ఎక్కించుకుంది.

"మీ అమ్మ వద్దంది," అన్నాడు. "వాడికి సముద్రం కొత్త అంది. నేను నవ్వాను. పడవెక్కితేనే మగాడవుతాడన్నాను. వెనక్కొచ్చి ఏ మొహంతో నిలబడను? నీ తమ్ముణ్ణి ముంచి నేను ఈదుకొచ్చానని చెప్పనా? మొదటి ఏడు రాలేకపోయాను. రెండో ఏడు మొదటి ఏడాది సంగతి కూడా చెప్పాల్సొచ్చింది. అలా పెరిగిపోయిందమ్మా. ఏ ఏటికా ఏడు ఇంకా సిగ్గయిపోయింది."

సిగ్గు. మా మగాళ్ళు ఆకలికి తట్టుకుంటారు, తుఫానుకి తట్టుకుంటారు. సిగ్గుకి మాత్రం తట్టుకోలేరు. నాన్న మీద జాలి వెయ్యలేదంటే అబద్ధం. కానీ ఆ జాలిని కోపం నిలబడనివ్వలేదు.

"నీ సిగ్గు నువ్వు మోశావు సరే. అమ్మేం మోసిందో తెలుసా?" అన్నాను. "ఆ పొద్దున తను కంచం తిప్పలేదుగా. అందుకే మీరిద్దరూ పోయారనుకుంది. నా తమ్ముణ్ణి నేనే చంపానని ఫాదర్ దగ్గర మోకాళ్ళ మీద ఏడ్చింది. మా అమ్మమ్మ చచ్చేదాకా ఆమె కళ్ళల్లోకి చూడలేకపోయింది. ఇప్పటికీ ప్రతి పూటా మొదటి ముద్దకి ముందు కంచం తిప్పుతుంది. ఎవడి కోసం? నీకోసం! సముద్రం అడుగున ఎక్కడున్నావో, దారి దొరకాలని!"

ఆయన చేతిలోంచి చేప జారి నేల మీద పడింది.

"కంచమా?" అన్నాడు. "నేను అది చూడనే లేదు. నేను కోపంగా బయటికి పోయాను. వెనక్కి తిరిగి చూడనే లేదు లోర్నా. తిప్పిందనే అనుకున్నాను."

అమ్మ ఏ కంచం కోసం తన జీవితమంతా ఏడ్చిందో, ఆ కంచాన్ని ఈయన చూడనే లేదు. బియ్యం బస్తా మీద కూలబడిపోయాను.

అప్పుడు తట్టింది నాకు. "పెళ్ళి సంగతి నీకు తెలుసా?"

తల ఊపాడు. "పెళ్ళికొడుకే చెప్పాడు. ఇక్కడే, ఆ మొదటి బల్ల దగ్గర కూర్చుని. గాసాన్‌లో సాలింగ్ అని, ఎంత మంచిదో అని, అన్నం తిన్నంతసేపూ చెప్తూనే ఉన్నాడు. సెపా బయటికి రమ్మని కేక వేసినా వెళ్ళకుండా తెర ఇవతలనుంచే విన్నాను. నవ్వితే కుడి బుగ్గ ముందు కదులుతుందన్నాడు. అది నిజమే." మొహం తుడుచుకున్నాడు. "మంచివాడమ్మా. ఆమెకి కొంచెం కట్టివ్వమన్నాడు. కట్టాను."

"ముడి వేసి కట్టావా?"

ఆయన వంగి నేల మీది చేప తీసుకున్నాడు.

"నాన్నా, నిన్నే. ఆ పొట్లంలో అలసంద కాయలకి ముడి వేశావా?"

"చేతికి అలవాటు," అన్నాడు కిందకి చూస్తూ.

"అబద్ధం. అది ఎవరు చూస్తారో నీకు తెలుసు. నువ్వు చచ్చినట్టే ఉండాలనుకుంటే మామూలుగా తరిగి పడేసేవాడివి. బతికున్నానని చెప్పే ధైర్యం నీకు లేదు. ఒక కూరగాయ చేత చెప్పించావు."

పెరట్లోకి గిన్నెతో వెళ్ళిన అమ్మ నాకు కళ్ళముందు కనపడింది. ముల్లు కాదు అది. పొట్లం కట్టించకు, అక్కడే తిను. నన్ను రుచి చూసి రమ్మని కాదు, తనకి పిచ్చెక్కలేదని తేల్చుకు రమ్మని పంపింది.

నాన్న లేచి వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "వినమ్మా. నేను బతికున్నానంటే ఆ పెళ్ళి పెళ్ళి కాదు. మన దేశంలో విడాకుల్లేవు. నేను పోయేదాకా మీ అమ్మ నాకు కట్టుబడే ఉండాలి. అందుకే నేను పోయినవాణ్ణే. నువ్వు నన్ను చూళ్ళేదు. పులుసు బాగాలేదు, వంటవాడు తాగుబోతు అని చెప్పు. ఇవాళే పలవాన్ పడవెక్కేస్తాను. ఒక్కసారి ఆవిడకి మంచి చెయ్యనివ్వు."

దాచడమెందుకు, ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. అమ్మ గౌను సగం కుట్టి ఉంది. నడుం దగ్గర కొలత తీసుకుంటుంటే అమ్మ చిన్నపిల్లలా కితకితలకి నవ్వింది. ఆ నవ్వు ఆగిపోవాలంటే నేనొక్క మాట చెబితే చాలు. సాగాలంటే నేను ఊరుకుంటే చాలు. కానీ ఊరుకుంటే ఆ కంచం కూడా అలాగే తిరుగుతూ ఉంటుంది. చచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఏం చెయ్యాలో తేల్చుకునేలోపే తెర అవతల నుంచి ఆలింగ్ సెపా గొంతు వినిపించింది. ఈసారి అరుపు కాదు, భయపడ్డ గొంతు.

"అమ్మాయ్, నీ బల్ల దగ్గర ఎవరో కూర్చున్నారు. మీ అమ్మనంటున్నారు."

నాకు నవ్వొచ్చింది. మా అమ్మా? సముద్రం దాటా? తెర తీశాను.

అమ్మే.

నేను కూర్చున్న చోటే కూర్చుని ఉంది. పెళ్ళి విందుకని దాచుకున్న తెల్ల జాకెట్టు వేసుకుంది. దాని మీద ఉప్పునీళ్ళ మరకలు. దారంతా వాంతులు చేసుకున్నట్టుంది, పెదాలు పాలిపోయి ఉన్నాయి. జపమాల ఎడమ చేతికి ఎంత గట్టిగా చుట్టుకుందంటే పూసలు చర్మంలో దిగబడ్డాయి. నేను చచ్చిపోతే చూడ్డానికైనా పడవెక్కి రాదేమో అనుకున్న మనిషి.

"నీ తర్వాతి పడవకి వచ్చాం," అంది నా వైపు చూడకుండా. "ఇస్కో బయట ఎవరో తెలిసినవాళ్ళతో మాట్లాడుతున్నాడు. అతనికి నేనేమీ చెప్పలేదు."

నా చెంచా తీసుకుంది. నా పులుసులో ముంచింది. అన్నం మీద పోసుకుని నోట్లో పెట్టుకుంది. కంచం తిప్పలేదు. నాన్న పోయాక మొదటిసారి, అమ్మ కంచం తిప్పకుండా ముద్ద మింగింది. కళ్ళు మూసుకుని మెల్లగా నమిలింది.

"కొబ్బరినీళ్ళు ఎక్కువయ్యాయి," అంది. "బయటికి రమ్మను."

నేను పిలవక్కర్లేకపోయింది. ఆయన తెర పట్టుకుని నా వెనకాలే నిలబడి ఉన్నాడు. కూలీ చేతిలోని ఎముక కంచంలో పెట్టేసి, తెలివిగా లేచి బయటికి పోయాడు. అమ్మ కళ్ళెత్తి చూసింది. ఆ తెల్లజుట్టు, ఆ కుంగిన భుజాలు, ఆ చిరుగుల బనీను అన్నీ వరసగా చూసింది. కేక వేస్తుందనుకున్నాను, పడిపోతుందనుకున్నాను. సంచిలోంచి చేతిరుమాలు తీసి బల్ల మీద విప్పింది. అందులో ఎండిపోయి ముడుచుకుపోయిన అలసంద ముడి ఉంది.

"ఇది గొంతులో అడ్డుపడింది టెబాన్," అంది. "ఆ రోజు నుంచి దిగలేదు."

"సాలింగ్..."

"నెస్టర్ చివర్లో ఏమన్నాడు?"

నాన్న గోడకి జారబడ్డాడు. చెప్పాడు. అక్కకి ఏం చెప్తావు బావా అన్నాడని చెప్పాడు. అమ్మ విన్నది. కన్నీళ్ళు వాటంతట అవి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"మరి చెప్పలేదేం?" అంది. "వాడు అడిగింది అదొక్కటేగా. వచ్చి చెప్పాల్సింది. నిన్ను తిట్టేదాన్ని. కొట్టేదాన్ని. చీపురు విరిగేదాకా కొట్టి, ఆ తర్వాత ఇద్దరం కలిసి వాడి కోసం ఏడ్చేవాళ్ళం. నన్ను ఒంటరిగా ఏడవనిచ్చావు. నా కంచం మీద రెండు ప్రాణాలు పెట్టి వెళ్ళిపోయావు."

బయట మాంగ్ ఇస్కో నవ్వు వినిపించింది. ఆయన నవ్వు మనిషికన్నా ముందు నడుస్తుంది. "అదిగో అదే హోటల్! మా పెళ్ళి వంట ఇక్కడిదే, మీరంతా రావాలి!" అని ఎవరితోనో అంటున్నాడు.

నాన్న ఉలిక్కిపడి వంటింటి వెనక తలుపు వైపు చూశాడు. ఆ తలుపు తీస్తే రేవు. రేవులో పలవాన్ పడవ.

"నేను పోతాను సాలింగ్," అన్నాడు గబగబా, గుసగుసగా. "నేను ఎప్పుడో పోయాను. అలాగే ఉండనీ. నువ్వు శనివారం నవ్వుతూ చర్చికి వెళ్ళు. నిన్ను ఏదీ అడిగే హక్కు నాకు లేదు, ఒక్కటి తప్ప. నువ్వు తింటున్నావు, నేను వెళ్తున్నాను. ఈసారి కంచం తిప్పు. అది చాలు నాకు."

అమ్మ చూపు కంచం మీద పడింది. వేళ్ళు అంచు దాకా వెళ్ళాయి. తిప్పితే అన్నీ సర్దుకుంటాయి. గౌను పూర్తవుతుంది, గంటలు మోగుతాయి, నేనూ ఆలింగ్ సెపా నోరు మూసుకుంటాం. అమ్మ ఏళ్ళ తరబడి ఎదురుచూసింది ఈ ఒక్క తిప్పు కోసమే.

అమ్మ రెండు అరచేతులూ కంచం మీద బోర్లించి, బల్లకేసి అదిమిపట్టింది.

"తిప్పను," అంది.

నాన్న అడుగు గుమ్మంలో ఆగిపోయింది. ముందు తలుపు దగ్గర నీడ పడింది. ఒక చేతిలో అమ్మ గొడుగు, ఇంకో చేతిలో అమ్మ సంచీతో, చెమటలు కక్కుతూ మాంగ్ ఇస్కో లోపలికొచ్చాడు.

"కనపడ్డాడా సాలింగ్ ఆ మహానుభావుడు? ఆయన చేతులకి దండం పెట్టందే నేను ఇక్కణ్ణించి కదలను!"

"కనపడ్డాడు. ఇలా రా ఇస్కో, కూర్చో," అంది అమ్మ. కంచం మీంచి చేతులు తియ్యలేదు. "ఈయన పేరు అందోయ్ కాదు. టెబాన్. మా ఆయన."

మాంగ్ ఇస్కో ఆ నవ్వుమొహంతోనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.